రేవు ధర్మము: మోటుపల్లి మొదలు రాయచూరు వఱకు

తెలుగున ‘రేవు’ అను మాట చాల విశాలమైనది. చాకలి బట్టలుదుకు చోటును రేవే. పశువులు నీరు త్రాగుటకు దిగు చోటును రేవే. ఏఱు దాటగోరువాడు పుట్టి యెక్కు చోటును రేవే. ద్వీపాంతరముల నుండి వచ్చిన యోడ లంగరు దించు చోటును రేవే. నీటికిని నేలకును నడుమ మనుష్యులు రాకపోకలు సాగించు తావు పెద్దదైనను చిన్నదైనను మనవారు దాని నొక్క పేరుతోనే పిలిచిరి. రాయచూరు జిల్లాకు సముద్రము లేదు. అయినను ఈ సీమకు పూర్వము కలిగిన పేరు నీటి నుండియే పుట్టినది. ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర, రెంటి నడుమ నున్నది గనుక శాసనములు దీనిని ‘ఎడదొరె నాడు’ అని పేర్కొన్నవి. ఇదే అంతర్వేదిలో తూర్పున నున్న గద్వాల, ఆలంపురముల ప్రాంతమును తెలుగువారు నేటికిని ‘నడిగడ్డ’ అని యందురు. రెండేఱుల నడుమ కాపురమున్నవారికి రేవుల కథ పరాయి కథ కాదు.

ఓడలను పడవలను రేవున నిలుపుటకు నేడు ప్రతి దేశమునను నిబంధనలు కలవు. ఏ యోడ యెచ్చట కట్టవలయును, ఎన్నాళ్లుండవచ్చును, ఎంత రుసుము చెల్లింపవలయును, మునిగినచో దానిని తొలగించు వ్యయమెవ్వరిది అనునవన్నియు అందుండును. ఇవి చాలవఱకు ఓడవాని నుద్దేశించిన మాటలు. తెలుగుదేశపు రేవు కట్టడలలో మిక్కిలి ప్రసిద్ధమైనది మాత్రము ఓడవాని కంటె ముందు రేవు నేలు రాజు చేతులను కట్టినది. కాకతి గణపతిదేవుడు శక సంవత్సరము 1166న, అనగా క్రీస్తుశకము 1244–45 ప్రాంతమున, మోటుపల్లిలో వేయించిన అభయ శాసన మట్టిది. ఆ పేరే గమనింపదగినది. ఆజ్ఞ యనలేదు, శిక్షాపత్ర మనలేదు, అభయ మనిరి.

మోటుపల్లి పూర్వము గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో, చినగంజాము దాపున నున్న గ్రామము. అచ్చటి వీరభద్రాలయము ముంగిట నున్న స్తంభముపై ఈ శాసనము కలదు. గణపతిదేవుని రాజధాని ఓరుగల్లు సముద్రమునకు దూరమైన పట్టణము. వెలనాటిని లోబఱచుకొన్న పిమ్మటనే కాకతీయులకు తీరభూమి చేజిక్కినది. గుఱ్ఱములు, ముత్యములు, కర్పూరము, పట్టు మొదలగునవన్నియు ఓడల మీద రావలసినవి. లోనాటి రాజునకు రేవు కావలయును. రేవునకు వచ్చు బేహారికి రాజును నమ్ముటకు కారణము కావలయును. ఆ కారణమును రాతిపై చెక్కించి యిచ్చుటయే గణపతిదేవుడు చేసిన పని.

అంతకు పూర్వము జరుగుచుండిన దేమి? ఒక దేశము నుండి మఱియొక దేశమునకు బయలుదేఱిన యోడ తుపానునకు చిక్కి, పగిలి, అలలచేత తీరమునకు కొట్టుకొని వచ్చినచో, ఆ తీరము నేలు రాజు అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సరకునంతయు బలవంతముగ తీసికొనుచుండెను. ఈ దురాచారమును శాసనము మఱుగుపఱుపలేదు. పూర్వరాజు లట్లు చేయుచుండిరని స్పష్టముగ చెప్పినది. ప్రాణముకంటె ధనమే యెక్కువ యని తలచి సముద్రయానమను మహాసాహసమునకు తెగించినవారి సొమ్మును, నిర్ణీతమైన సుంకము తప్ప, తాము ముట్టబోమనియు, దయచేతను, కీర్తిపుణ్యముల కొఱకును ఈ మాట యిచ్చుచున్నామనియు రాజు పలికెను. ఇందు వ్యాపార లాభమును గూర్చిన మాట పైకి కానరాదు గాని, లాభ మెఱుగని రాజు ఇట్టి శాసనము వేయించి యుండడని నా తలంపు.

ఆ నిర్ణీత సుంక మెంత? ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు, అనగా నూటికి మూడున్నర కంటెను తక్కువ. అంతటితో విడువక శాసనము సరకుల పేళ్లు వరుసగ చెప్పి వాని వాని వెల లేదా పరిమాణమును బట్టి పన్ను నిర్ణయించినది. చందనము, దేశవాళి కర్పూరము, చీనా కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, తుత్తునాగము, సీసము, పట్టునూలు, పగడములు, మిరియాలు, పోకలు అందు కనిపించును. పోకలకు లక్షకింతయని లెక్క. పట్టువస్త్రములకు కట్ట కింతయని లెక్క. ఈ పట్టిక చదువునపుడు విసుగు కలుగవచ్చును. కాని రేవున దిగిన పరదేశి బేహారికి కావలసినది సరిగా ఇదియే. సుంకరి నోటి మాటపై ఆధారపడక, ఎంత ఈయవలయునో రాతి మీద తానే చూచుకొనవచ్చును. రేవులలో జరుగు అన్యాయములలో సగము లెక్క తెలియనీయకపోవుట వలననే కదా!

ఇది కేవలము మన దేశపు దురాచారమే కాదు, కేవలము మన రాజు ఔదార్యమే కాదు. ఇంగ్లండున 1275లో వెస్ట్‌మినిస్టరు శాసనము చేసిరి. పగిలిన యోడ నుండి మనుష్యుడు గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతో బయటపడినచో దానిని రాజునకు చెందు భగ్ననౌకగా నెంచరాదనియు, సొమ్మును ఏడాది యొకనాడు భద్రపఱచి సొంతదారు వచ్చినచో అప్పగింపవలయుననియు అందు కలదు. మోటుపల్లి మాట అంతకు ముప్పది యేండ్లకు పూర్వపుది. అందు పిల్లి బ్రతికినదా యను ప్రశ్న లేదు. పశ్చిమ తీరమున ఏలి రాజ్యమును గూర్చి మార్కో పోలో వ్రాసినది విచిత్రముగ నుండును. వేఱొక రేవునకు పోవలసిన యోడ దారి తప్పి తమ రేవున లంగరు దించినచో, దేవుడే మిమ్ము మాకు పంపెను గనుక మీ సొమ్ము మాదేయని అచ్చటివారు దోచుకొనుచుండిరట! దైవమును సాక్షిగ కాక భాగస్వామిగ చేసికొన్న న్యాయ మిది. తరువాతి శతాబ్దమున వచ్చిన ఇబ్న్ బతూతా, మలబారున కాలికట్టు నందు మాత్రము పగిలిన యోడ సొమ్ము సొంతదారునకే విడుతురనియు, ఆ రేవు వృద్ధికి అదియే కారణమనియు తెలిపెను. 1442లో ఆ తీరమునకు వచ్చి, పిదప విజయనగరము చేరిన అబ్దుర్ రజాకును కాలికట్టును గూర్చి ఇట్లే చెప్పెను.

ఇంకను వెనుకకు పోయినచో కౌటిల్యుని అర్థశాస్త్రమున నావధ్యక్షుడను అధికారి గలడు. మైసూరున శామశాస్త్రిగారు ఈ గ్రంథమును వెలికిదీసి 1909లో ప్రకటించిన పిదప గాని దానిలోని రేవు నియమములు లోకమునకు తెలియలేదు. గాలికి చెడి వచ్చిన యోడను నావధ్యక్షుడు తండ్రివలె ఆదరింపవలయుననియు, నీట తడిసిన సరకునకు సుంకము పూర్తిగనో సగమో మానివేయవలయుననియు అందు కలదు. శాస్త్రమున నుండుట వేఱు, రేవున నడచుట వేఱు. నడచుచుండినచో గణపతిదేవుడు పూర్వరాజుల దోపిడిని పేర్కొనవలసిన పని యుండదు.

ఇక రాయచూరు మాట. మోటుపల్లి స్తంభము వెలసిన యేబదియేండ్లకు, శక సంవత్సరము 1216న, అనగా 1294లో, ప్రతాపరుద్రుని కాలమున రాయచూరు కోట వెలసినది. గోన గన్నారెడ్డి సేనాని యగు విఠలనాథుడు ఆదవాని, తుంబళము, మానువ, హాలువ దుర్గములను గెలిచి ఈ కోట కట్టించెనని లోగోడ పడమటి వైపున నలువది యొక్క యడుగులకు పైబడిన మహాశిలపై తెలుగు శాసనము కలదు. ఆ శిలను బండిపై నెక్కించి దున్నలచేత లాగించి తెచ్చిన దృశ్యమును గూడ ఆ కోటగోడపై చెక్కిరి. మానువ యనునది నేటి మానవియే. సముద్రతీరమున నొక రాయి, అంతర్వేదిలో నొక రాయి. రెండును ఒక్క రాజవంశపు గుర్తులు. ఒకటి వచ్చువారికి తలుపు తెఱచినది. మఱియొకటి గోడ యెత్తినది. రాజ్యమునకు రెండును కావలసియే యుండెను.

1323లో ఓరుగల్లు పడిపోయినది. రాజు పోయిన పిదప రాజు మాట యేమగును? మోటుపల్లికి ఈ చిక్కు వచ్చినది. కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో అదే రేవున మఱల ధర్మశాసనము వేయవలసి వచ్చెను. సంస్కృతమున ఆ యూరు ముకుళపురము. అచ్చట కాపురముండ వచ్చిన బేహారులకు భూమి నిచ్చి గౌరవింతుమనియు, వెడలిపోదలచిన వారిని బలిమిని నిలుపబోమనియు, తెచ్చిన సరకును తమ కిష్టమైనవారికి అమ్ముకొనవచ్చుననియు, సంతానము లేక చనిపోయిన వాని సొత్తును రాజు కైవసము చేసికొను అపుత్రిక పద్ధతిని మానితిమనియు అందలి సారాంశము. గణపతిదేవుడు ఓడ పగిలినవానికి అభయ మిచ్చినచో, అనపోతారెడ్డి ఓడ దిగి నిలిచిపోయినవానికి ఇచ్చెను. పరదేశి మరణించిన మఱునాడు ఇంటికి తాళము వేయ వచ్చు రాజభటుని భయ మెట్టిదో, ఊరు విడిచి వచ్చి స్థిరపడిన కుటుంబములవారు ఊహింపగలరు. ఈ రెడ్డిరాజుల కాలపు రేవు వైభవమునకు శ్రీనాథుని హరవిలాసమును సాక్ష్యము పలుకును. ఆ కావ్యమును అంకితము గొన్న అవచి తిప్పయసెట్టి సింహళము నుండి ఏనుగులను, హురుముంజి నుండి గుఱ్ఱములను, చీనా నుండి పట్టును తెప్పించిన వర్తకుడు.

గుఱ్ఱముల మాట వచ్చినది గనుక దానిని గొంచెము సాగింపవలసి యున్నది. ఏలయన రాయచూరు చరిత్రమున గుఱ్ఱములకును ఓడరేవులకును గల సంబంధము చిన్నది కాదు. విజయనగరమునకు మేలుజాతి గుఱ్ఱములు అరబ్బు, పారసీక దేశముల నుండి పడమటి రేవులకు ఓడలపై వచ్చుచుండెను. దారిలో చచ్చునవి యనేకములు. సాళువ నరసింహరాయలు ఈ నష్టమును బేహారిపై విడువలేదట. సముద్రమున చచ్చిన గుఱ్ఱమునకు తోక కోసి తెచ్చి చూపినను బ్రతికినదానికి వలెనే వెల యిచ్చుచుండెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసెను. తోకలు చూపి ఎందఱు మోసగించిరో యని నవ్వు వచ్చును గాని, పద్ధతిలోని వివేకము కాదనరానిది. ప్రయాణపు గండమును కొనువాడును పంచుకొన్నచో ఓడలు ఆ రేవునకే వచ్చును.

1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను పట్టుకొన్న యుద్ధమునకును నూనిజ్ గుఱ్ఱములనే కారణముగ చెప్పెను. గోవాకు పోయి గుఱ్ఱములు కొని తెమ్మని రాయలు సయ్యద్ మరక్కారను వర్తకునికి నలువదివేల పరదావు లిచ్చి పంపగా, అతడు ఆ సొమ్ముతో బిజాపురపు ఆదిల్‌షాహు శరణు చొచ్చెననియు, అప్పగింపుమనిన షాహు అప్పగింపలేదనియు ఆ కథ. పూర్వము నుండియు రెండు రాజ్యములు కోరుచుండిన అంతర్వేదికై యుద్ధ మొకనాడు రావలసియే యుండెను; గుఱ్ఱముల సొమ్ము నెపము మాత్రమే కావచ్చును. అయినను రేవున నమ్మకము చెడినచో దాని ఫలము ఎంత దూరమున కోటగోడల మీద పడునో ఈ కథ చూపుచున్నది. ఆ రాయలే తెలుగున రచించిన ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పుచు రేవులను గూర్చియు ముచ్చటించెను. రాజు రేవులను చక్కపఱచి గుఱ్ఱములు, ఏనుగులు, రత్నములు, చందనము, ముత్యములు తన దేశమునకు వచ్చునట్లు చూడవలయునట. తుపాను చేతనో, రోగము చేతనో, అలసట చేతనో తీరము చేరిన పరదేశి నావికులను వారి వారి జాతికి తగిన రీతిని ఆదరింపవలయునట. దూరదేశపు గుఱ్ఱపు వర్తకులకు ఊళ్లును, పట్టణమున మంచి యిండ్లును, కొలువున దర్శనమును, తగిన లాభమును ఇచ్చి వారు శత్రువు వైపు పోకుండునట్లు చూచుకొనవలయునట. గణపతిదేవుడు పుణ్యమని చెప్పినదానిని రాయలు రాజనీతియని చెప్పెను. రాయలు మాట నాకు ఎక్కువ నచ్చును. పుణ్యముపై విసుగు కలుగవచ్చును గాని శత్రువునకు గుఱ్ఱములు పోవునను భయము విడువదు.

సముద్రపు రేవు నుండి మన యేటి రేవునకు వత్తము. రాయలకాలముననే వచ్చిన దోమింగో పాయెస్ ఆనెగొంది యొద్ద తుంగభద్రను దాటు పడవలను చూచి ఆశ్చర్యపడెను. లోపల బెత్తముల అల్లిక, వెలుపల తోలు, బుట్టవలె గుండ్రనివి. పదునైదుగురను ఇరువదిమందిని మోయగలవు. తెడ్లు వేసినను నేరుగ పోక గుండ్రముగ తిరుగుచునే పోవును. గుఱ్ఱములు, ఎద్దులు చాలవఱకు ప్రక్కన ఈదుచు దాటును. ఆనెగొంది 1997 వఱకు రాయచూరు జిల్లాలోనిది, పిదప కొప్పళ జిల్లాలో చేరినది. పాయెస్ చూచినది మన పుట్టియే, కన్నడమున హరిగోలు. మఱియొక శతాబ్దమునకు ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, రెండు పుట్టుల నడుమ బండిని కట్టి దాటించు విధమును వర్ణించెను. నేడు తోలు పోయి ప్లాస్టిక్కు సంచులును తారును వచ్చినవి గాని వెదురు బుట్ట మాత్రము అదియే.

పుట్టిని నిలుపుటకు ఓడరేవు అక్కఱలేదు. సాయంకాలమున పుట్టివాడు దానిని ఒడ్డునకు లాగి బోరగిల వేసి యారబెట్టును. కావలసినచో తలపై నెత్తుకొని యింటికి పోవును. కనుక ఏటి రేవున చిక్కు పడవను ఎచ్చట కట్టవలయునని కాదు. దాటించు హక్కు ఎవ్వరిది, కూలి యెంత, మునిగినచో పూచీ యెవ్వరిది యని. అర్థశాస్త్రము ఇక్కడను ఖండితముగ మాటలాడినది. పడవ నడుపువారు గాని, పరికరములు గాని చాలక, లేదా మరమ్మతు లేక పడవ నష్టమైనచో, ఆ నష్టమును నావధ్యక్షుడే ఇచ్చుకొనవలయును. బ్రాహ్మణులు, సన్యాసులు, బాలురు, వృద్ధులు, రోగులు, గర్భిణులు రుసుము లేక దాటవచ్చును. రేవు కాని రేవున, వేళ కాని వేళ దాటినవానికి దండుగ. కాని చేపలు పట్టువానికిని, కట్టెలు గడ్డి పూలు కూరలు తెచ్చువానికిని ఆ దండుగ లేదు. వ్రాసినవాడు ఏటి యొడ్డు బ్రతుకు నెఱిగినవాడని ఈ యొక్క మినహాయింపే చెప్పుచున్నది.

ఆంగ్లేయుల కాలమున ఈ ధర్మము చట్టమైనది. ఉత్తర హిందూస్థానమునకు 1878లో రేవుల చట్టమును, చెన్నపురి రాజధానికి 1890లో కాలువల, రేవుల చట్టమును చేసిరి. మోటుపల్లి దాపుననే పెదగంజాము నుండి దక్షిణముగ సాగు బకింగుహాము కాలువపై నడచు పడవలు ఈ రెండవ చట్టమునకు లోబడినవే. రేవును సర్కారుదిగ ప్రకటించుట, గుత్తకిచ్చుట, రుసుముల పట్టికను కట్టుట వీని సామాన్య పద్ధతి. పట్టికను దాటువారికి కనబడునట్లు ఉంచవలయునను నియమము చదివినపుడు నాకు పోకల లక్షకింతయని చెక్కిన మోటుపల్లి రాయి జ్ఞప్తికి వచ్చును. సముద్రపు రేవులకు 1908 నాటి భారత రేవుల చట్టము నూఱేండ్లకు పైగా నడచి, 2025లో క్రొత్త చట్టమునకు చోటిచ్చినది. ఆ పాత చట్టమున, మునిగి దారికి అడ్డమైన యోడను రేవు సంరక్షకుడు ఎత్తించి, అయిన వ్యయమును దాని నుండి రాబట్టుకొని, మిగిలినది సొంతదారునకు ఈయవలయునని యుండెను. సుంకము తప్ప ముట్టబోమన్న మాట వ్యయము తప్ప ముట్టబోమనుటగా మాఱినది.

రాయచూరు సీమలో పుట్టి ప్రాముఖ్యము క్రమముగ తగ్గినది. 1871లో బొంబాయి వైపు నుండియు చెన్నపురి వైపు నుండియు వచ్చిన రైలుమార్గములు రాయచూరున కలిసినవి. పిదప దేవసూగూరు దాపున కృష్ణపై బండ్ల వంతెన వచ్చినది. 1953 తరువాత తుంగభద్ర యెడమ కాలువ క్రింద సింధనూరు, మానవి, గంగావతి ప్రాంతములకు కోస్తా జిల్లాల నుండి వచ్చి ‘క్యాంపులు’ కట్టుకొన్న రైతుకుటుంబములు రైళ్ల మీదను బండ్ల మీదను వచ్చినవే గాని పుట్ల మీద వచ్చినవి కావు. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరినది. గద్వాల, ఆలంపురములు తెలుగు వైపు పోయినవి. ఏఱు అట్లే యున్నది. ఒడ్డులు వేఱు రాష్ట్రము లైనవి. నేటికిని పిఠాపురమున పుట్టిన శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రమగు కురుగడ్డకు తెలంగాణపు టొడ్డు నుండి యాత్రికులు పుట్టి మీద కృష్ణను దాటుచున్నారు.

2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టమున యంత్రము లేని పడవలకును ఒక అధ్యాయమున చోటు దొరకినది. వానిని స్థానిక సంస్థల యొద్ద నమోదు చేయు ఏర్పాటు అందు కలదు. మంచిదే. కాని లింగసుగూరు తాలూకాలో కృష్ణ నడుమ నున్న గడ్డలపై కాపురమున్నవారి చిక్కు నమోదుతో తీరునది కాదు. ఎగువన నారాయణపురము జలాశయము నుండి నీరు విడిచినపుడు పుట్టి నీట దించరాదని అధికారులు కట్టడి చేయుదురు. ప్రాణరక్షణకై చేయు కట్టడి గనుక దానిని తప్పుపట్టరాదు. పెద్ద వరదలలో సహాయ దళములవారు యంత్రపు పడవలతో వచ్చుటయు కలదు. అయినను ఆ యుత్తరువు పుట్టివానికి మాత్రమే చెప్పుచున్నది. పుట్టి బోరగిల పడియున్న ఆ దినములలో గడ్డ మీది రోగిని, గర్భిణిని ఏ వేళకు ఏ పడవ అవతలి యొడ్డునకు చేర్చునో, ఆ పడవ పూచీ యెవ్వరిదో రేవు నందు వ్రాసి పెట్టిన పట్టిక యుండవలయును. గడ్డలవారు వంతెన కావలయునని చిరకాలముగ అడుగుచున్నారు.